వర్జీనియా ఎన్నికలో హైదరాబాదు ఆడపడుచు

లెఫ్టినెంటు గవర్నరు అంటే ఎవరో యానాం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పుదుచ్చేరిలో రాజ్ నివాస్ అనే భవనంలో ఉంటారు. రాష్ట్రపతి నియమిస్తే వస్తారు, పొమ్మంటే పోతారు. మధ్యలో యానాం వోటరును అడిగేదేమీ ఉండదు. 2021 ఫిబ్రవరి నుంచి 2024 మార్చి దాకా తెలంగాణ గవర్నరు తమిళిసై సౌందరరాజన్ గారే ఆ పని కూడా చూశారు గనుక హైదరాబాదు వాళ్ళకూ ఆ మాట కొంత పరిచయమే. కాని 2025 నవంబరు మొదటివారంలో మన పత్రికలకెక్కిన లెఫ్టినెంటు గవర్నరు సంగతి వేరు. హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ అనే ఆవిడ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంటు గవర్నరు అయ్యారని వార్త. అది నియామకం కాదు, ఎన్నిక. ప్రజలు వోట్లు వేసి గెలిపించారు.

వార్త చదివిన వాళ్ళలో చాలామంది సంతోషించి ఊరుకున్నారు. కొందరు మాత్రం, “ఇంతకీ ఆ పదవిలో చేసేదేమిటండీ?” అని అడిగారు. మంచి ప్రశ్న. అమెరికాలోనే ఆ ప్రశ్న అడిగేవాళ్ళు కోకొల్లలు.

మాట పుట్టుక చూస్తే కొంత తెలుస్తుంది. అది ఫ్రెంచి వాళ్ళ మాట. ‘చోటును పట్టుకొని ఉన్నవాడు’ అని దాని అర్థం. ఒకరి బదులు ఆ స్థానంలో ఉండేవాడన్నమాట. సంస్కృతం ఇష్టపడేవారు ‘స్థానాపన్నుడు’ అనుకోవచ్చు. వర్జీనియా ఇంగ్లీషువారి వలసగా ఉన్న రోజుల్లో గవర్నరు గారు ఇంగ్లండులో హాయిగా కూర్చొని జీతం తీసుకుంటుంటే, సముద్రం దాటివచ్చి దోమల మధ్య పని చేసినవాడు లెఫ్టినెంటు గవర్నరే. పేరు చిన్నదైనా పని పెద్దది. తరవాత రోజుల్లో అది తిరగబడింది. 1851 నాటి రాజ్యాంగంతో వర్జీనియా ప్రజలు లెఫ్టినెంటు గవర్నరును తామే ఎన్నుకోవడం మొదలుపెట్టారు. అప్పటినుంచి పేరు పెద్దది, పని చిన్నది.

ఎంత చిన్నదంటే, గవర్నరుకు సాలుకు 1,75,000 డాలర్లు ఇస్తూ ఉంటే, ఈ పదవికి ఇచ్చేది 36,321 డాలర్లు. అది పూర్తికాలపు ఉద్యోగంగా ఎవరూ లెక్కవెయ్యరు. అక్కడి శాసనసభ మామూలుగా సరి సంవత్సరంలో అరవై రోజులు కూర్చుంటుంది, బేసి సంవత్సరంలో అంతకన్నా తక్కువ. ఆ రోజుల్లో లెఫ్టినెంటు గవర్నరు సెనేటుకు అధ్యక్షత వహిస్తారు. సెనేటు అంటే ఎగువసభ, నలభైమంది సభ్యులు. ఎవరికి మాట్లాడే వంతు వచ్చిందో చెప్పడం, గోల చేస్తే సుత్తి కొట్టి ఆపడం, వోట్లు లెక్కించి ఫలితం చదవడం, ఇంతే పని. సభ్యుల మాదిరిగా లేచి వాదించడానికి లేదు. మన రాజ్యసభలో ఉపరాష్ట్రపతి చేసే పని ఇదే. 1952 నుంచి 1962 వరకు ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు? అంతకుముందు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ పంతులుగారు. గజాలా హష్మీ కూడా పంతులమ్మే. సుమారు ముప్పై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పారు. తరగతిలో వెనక బల్లలవాళ్ళను అదుపులో పెట్టినవాళ్ళకు ఆ కుర్చీ కొత్తగా ఉండదని నా అనుమానం.

అయితే రాజ్యసభ అధ్యక్షుడికీ, వర్జీనియా సెనేటు అధ్యక్షురాలికీ ఒక అధికారం సమానంగా ఉంది. వోట్లు చెరిసగం పడినప్పుడు తమ వోటు వేసి తూకం తేల్చడం. మన దగ్గర అలాంటి సందర్భం రావడం అరుదు. వర్జీనియాలో మాత్రం, నలభైమంది సభలో, ఊళ్ళన్నీ రెండు పార్టీల మధ్య నిలువునా చీలిన కాలంలో, అది మాటిమాటికీ వస్తుంది. అప్పుడు ఆ 36,321 డాలర్ల మనిషి చూపుడువేలు మీద రాష్ట్రం నిలుస్తుంది.

2011 ఎన్నికల తరవాత సెనేటులో రిపబ్లికన్లు ఇరవైమంది, డెమొక్రాట్లు ఇరవైమంది అయ్యారు. లెఫ్టినెంటు గవర్నరు బిల్ బోలింగ్ రిపబ్లికన్. 2012 జనవరిలో సభ కూర్చోగానే ఆయన వోటుతో కమిటీలన్నీ రిపబ్లికన్ల చేతికి వెళ్ళిపోయాయి. కొద్ది రోజులకే మరో చిక్కు. కొన్ని బిల్లులకు, ముఖ్యంగా పన్నుల బిల్లులకూ రాజ్యాంగ సవరణలకూ, ఎన్నికైన సభ్యులలో సగానికి పైగా ఒప్పుకోవాలని రాజ్యాంగం చెపుతుంది. లెఫ్టినెంటు గవర్నరు సభ్యుడు కాడు గనుక అక్కడ ఆయన వోటు చెల్లదు. బడ్జెట్టు వచ్చేసరికి ఇరవై ఇరవైగా ఆగిపోయింది. సభను అంతా చేతిలో పెట్టుకున్న పార్టీ ఖర్చుల పద్దును గట్టెక్కించలేక నిలబడింది. ఆ కుర్చీ బలమూ, బలహీనతా ఒక్క చలికాలంలోనే బయటపడ్డాయి.

మరుసటి ఏడు జరిగింది ఇంకా విచిత్రం. 2013 జనవరి 21. ఆ రోజు మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు. అదే రోజు వాషింగ్టనులో అధ్యక్షుడు ఒబామా రెండోసారి పట్టాభిషేకం. రిచ్‌మండులో మాత్రం సెనేటు కూర్చుంది. హెన్రీ మార్ష్ అని డెమొక్రాటిక్ సెనేటరు ఒకాయన. నల్లవారి హక్కులకోసం కోర్టుల్లో పోరాడిన వకీలు, రిచ్‌మండు నగరానికి మొట్టమొదటి నల్లజాతి మేయరు. ఆ పెద్దమనిషి ఒబామా ప్రమాణస్వీకారం కళ్ళారా చూద్దామని వాషింగ్టను వెళ్ళారు. ఆయన కుర్చీ ఖాళీగా కనపడగానే రిపబ్లికన్లు నియోజకవర్గాల సరిహద్దులన్నీ మార్చే సవరణను హఠాత్తుగా సభలోకి తెచ్చి, 20 వోట్లకు 19తో నెగ్గించుకున్నారు. తూకం సమం కాలేదు గనుక బోలింగ్ వోటు అవసరమే రాలేదు. ఆ పని తనకు నచ్చలేదని స్వంత పార్టీ మనిషైన బోలింగే బహిరంగంగా చెప్పారు. చివరకు దిగువసభ స్పీకరు విలియం హవెల్, ఆయనా రిపబ్లికనే, ఆ సవరణ అసలు బిల్లుకు సంబంధించింది కాదని తీర్పు చెప్పి దాన్ని అక్కడితో ముగించారు. మన శాసనసభల్లో స్పీకర్లు స్వంత పార్టీకి అడ్డంగా ఇలా తీర్పు చెప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు.

కథ అంతటితో ఆగలేదు. 2013 నవంబరులో రాల్ఫ్ నార్థమ్ అనే డెమొక్రాటు లెఫ్టినెంటు గవర్నరుగా గెలిచారు. వృత్తికి పిల్లల నరాల వైద్యుడు. అంతకుముందు ఆయన సెనేటులో సభ్యుడు గనుక ఆ స్థానం ఖాళీ అయి ఉప ఎన్నిక వచ్చింది. ఆ ఎన్నికలో డెమొక్రాటిక్ అభ్యర్థి గెలిచింది, వోట్లు తిరిగి లెక్కపెట్టాక, పదకొండు వోట్ల తేడాతో! ఒక పెళ్ళివారి కారు ఆలస్యమైతే తారుమారయ్యే లెక్క. సభ మళ్ళీ ఇరవై ఇరవై అయింది, ఇప్పుడు కుర్చీలో డెమొక్రాటు. 2014 జనవరి చివర కమిటీలన్నీ చేతులు మారాయి. జూన్ నెలలో ఒక డెమొక్రాటిక్ సెనేటరు ఉన్నట్టుండి రాజీనామా చేస్తే మళ్ళీ రిపబ్లికన్ల చేతికి వచ్చాయి. ఆయారాం గయారాం ముచ్చట్లు మనకొక్కరికే ఉన్నాయనుకోవడం పొరపాటు.

ఆ పదవికి రెండో ప్రాణం వారసత్వం. గవర్నరు చనిపోయినా, రాజీనామా చేసినా వెంటనే ఆ స్థానంలోకి వచ్చేది లెఫ్టినెంటు గవర్నరే. న్యూయార్కులో 2021 ఆగస్టులో గవర్నరు కూమో తప్పుకోగానే కేథీ హోకుల్ రాత్రికి రాత్రి గవర్నరయ్యారు. వర్జీనియాలోనైతే 2019 ఫిబ్రవరిలో ఒక నాటకమే నడిచింది. అప్పటికి గవర్నరైన నార్థమ్ గారి పాత కాలేజీ సంచికలో నల్లవారిని వెక్కిరించే ఫొటో బయటపడి, దిగిపొమ్మని ఊరంతా కేకలు వేసింది. అందరి చూపూ లెఫ్టినెంటు గవర్నరు మీదకు మళ్ళిన వారంలోనే ఆయనమీదా తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. ఆయన వాటిని ఖండించారు. మూడోవాడైన అటార్నీ జనరలు తానూ చిన్నతనంలో ముఖానికి నల్లరంగు పూసుకొన్నానని ఒప్పుకున్నారు. ముగ్గురూ కుర్చీలు వదలలేదు. వరసలో తరవాతి మనిషి ఎవరో జనానికి ఆ వారంలోనే మొదటిసారి గట్టిగా గుర్తుకొచ్చింది.

ఇదంతా ఎందుకు చెపుతున్నానంటే, హష్మీ గెలిచినది అలంకారప్రాయమైన పదవి అని చప్పరించేసేవారికోసం. మన ఉపముఖ్యమంత్రులతో పోల్చి చూసే అలవాటువల్ల అలా అనిపిస్తుంది. ఉపముఖ్యమంత్రి అనే మాట మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి అయిదుగురు ఉపముఖ్యమంత్రులు ప్రమాణం చేశారు. వర్జీనియాలో ఉన్నది ఒక్క కుర్చీ, దానికి వేరే ఎన్నిక.

ఆ ‘వేరే’ అన్న మాటలోనే అసలు కిటుకు ఉంది. అమెరికాలో లెఫ్టినెంటు గవర్నరు ఉన్న రాష్ట్రాలు 45. వాటిలో ఎక్కువ రాష్ట్రాల్లో గవర్నరూ, లెఫ్టినెంటు గవర్నరూ జంటగా నిలబడతారు. ఒక్క వోటు వేస్తే ఇద్దరికీ పడుతుంది. రెండోవారు తోడుపెళ్ళికొడుకులాగానో తోడుపెళ్ళికూతురులాగానో పల్లకీలో పక్కన కూర్చుంటారు. వర్జీనియాలో అలా కాదు. ఎవరి పల్లకీ వారిదే, ఎవరి బోయీలు వారివే. 2005లో వర్జీనియా వోటర్లు గవర్నరుగా డెమొక్రాటు టిమ్ కేన్‌ను, లెఫ్టినెంటు గవర్నరుగా రిపబ్లికన్ బోలింగును ఎన్నుకున్నారు. అదే చేత్తో, అదే రోజున. 

పల్లకీ పద్ధతికి ఉదాహరణ కావాలంటే పొరుగునే ఉన్న మేరీలాండు రాష్ట్రం చాలు. 2022లో అక్కడ లెఫ్టినెంటు గవర్నరుగా ఎన్నికైన అరుణా మిల్లర్ కూడా హైదరాబాదులో పుట్టినవారే. పుట్టింటిపేరు కాట్రగడ్డ. ఏడేళ్ళ వయసులో 1972లో అమెరికా వెళ్ళారు. రోడ్ల ఇంజనీరుగా పాతికేళ్ళు కౌంటీ ప్రభుత్వంలో పనిచేశారు. మేరీలాండు దిగువసభలో ఎనిమిదేళ్ళు సభ్యురాలు. 2018లో అమెరికా కాంగ్రెసుకు స్వంతంగా ప్రయత్నించి, పార్టీలోపలి పోటీలోనే సంపన్నుడైన ఒక వ్యాపారి చేతిలో ఓడిపోయారు. నాలుగేళ్ళ తరవాత వెస్ మూర్ గవర్నరు పదవికి పోటీచేస్తూ తన పక్కన నిలబడమన్నారు. ఇద్దరూ గెలిచారు. 2023 జనవరి 18న ఆమె భగవద్గీతమీద చెయ్యి ఉంచి ప్రమాణం చేశారు. మేరీలాండులో లెఫ్టినెంటు గవర్నరుకు సెనేటు కుర్చీ లేదు, తూకం వోటూ లేదు. గవర్నరు అప్పజెప్పిన పనే పని. మిల్లర్ గారి సమర్థతకు వంక పెట్టడం లేదుగాని, ఒకరి పిలుపుమీద వచ్చే పదవికీ, ఇంటింటికీ వెళ్ళి స్వంతపేరు చెప్పుకొని అడుక్కొనే పదవికీ తేడా ఉన్నది. నేను రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆ స్వంతపేరు చెప్పుకోవడమే హష్మీకి మొదటి పరీక్ష. గజాలా అంటే అరబీలో ఆడలేడి. మనవాళ్ళైతే హరిణి అని పెట్టుకునే పేరు. 1964లో పుట్టారు. నాలుగేళ్ళ పిల్లగా తల్లితో, అన్నతో అమెరికా చేరారు. తండ్రి జార్జియా రాష్ట్రంలో స్టేట్స్‌బరో అనే చిన్న ఊళ్ళో కాలేజీ అధ్యాపకుడు. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే బడిలో కూర్చోవడం అప్పుడప్పుడే మొదలైన దక్షిణదేశం అది. వర్జీనియాలోనే తెల్లవారూ ఇతర జాతులవారూ పెళ్ళి చేసుకోవడం నేరమన్న చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది 1967లో. అంటే ఈ పాప విమానం ఎక్కడానికి కాస్త ముందు. ఆమె అక్కడే చదివి, ఎమరీ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యంలో డాక్టరేటు తీసుకొని, 1991లో భర్తతో రిచ్‌మండు వచ్చి పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు.

రాజకీయాల్లోకి ఎందుకు వచ్చారు? 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాలవారు అమెరికాలో అడుగుపెట్టరాదని అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. యాభై ఏళ్ళుగా తనదనుకున్న దేశంలో తనకు చోటుందా అన్న సందేహం తనకు అప్పుడే కలిగిందని ఆమె చాలాసార్లు చెప్పారు. 2019లో రిపబ్లికన్ సెనేటరు ఒకరిని ఓడించి సెనేటులో అడుగుపెట్టారు. ఆ గెలుపుతో, మరికొన్నిటితో సభ 21–19గా డెమొక్రాట్లకు వచ్చింది. ఆ సెనేటుకు ఎన్నికైన మొదటి ముస్లిం ఆమె. తరవాత విద్యా ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు. పంతులమ్మకు తగిన చోటే.

2025 జూన్ 17న జరిగిన పార్టీలోపలి ఎన్నిక ఉత్కంఠగా నడిచింది. డెమొక్రాట్లలోనే ఆరుగురు పోటీ. రిచ్‌మండు మాజీ మేయరు లెవార్ స్టోనీ, సెనేటరు ఏరన్ రౌస్, హష్మీ, ఈ ముగ్గురికీ ఇంచుమించు నాలుగోవంతు చొప్పున వోట్లు. స్టోనీకన్నా ఒక్క శాతం కూడా లేని మొగ్గుతో హష్మీ బయటపడ్డారు. నూటికి ఇరవైయేడు వోట్లు తెచ్చుకొని అభ్యర్థి కావడం ఏం న్యాయమని అడగవచ్చు. మన ఎన్నికల్లోనూ అదే లెక్క గనుక మనం అడగకూడదు.

అసలు పోటీలో ఎదురు నిలిచినది జాన్ రీడ్. రేడియోలో ఉదయం కార్యక్రమం నడిపి పేరు తెచ్చుకున్న రిపబ్లికన్. తాను స్వలింగ ప్రేమికుడినని దాచుకోకుండా చెప్పుకునే ఆయన, వర్జీనియా రాష్ట్రవ్యాప్తపు ఎన్నికలో ఒక పెద్ద పార్టీ తరఫున నిలిచిన మొదటి అలాంటి అభ్యర్థి. ఏప్రిలులో ఆయన పార్టీ గవర్నరే, ఏవో ఫొటోల వివాదం తలెత్తి, తప్పుకోమని అడిగితే, అది తన ఖాతా కాదంటూ ఆయన తప్పుకోలేదు. ఎవరు గెలిచినా ఏదో ఒక ‘మొట్టమొదటి’ ఖాయమైన ఎన్నిక ఇది.

రీడ్ గారు ముఖాముఖి చర్చకు రమ్మని పదేపదే పిలిచారు. హష్మీ రాలేదు. అప్పుడాయన ఏం చేశారంటే, కంప్యూటరు చేత హష్మీ గొంతునూ బొమ్మనూ తయారుచేయించి, అక్టోబరులో ఆ బొమ్మతో సుమారు నలభై నిమిషాలు వాదించి యూట్యూబులో చూపించారు! మన తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఇద్దరి మాటలూ తెరవెనక ఒక్కడే చెపుతాడు. అది ఆట అని చూసేవాళ్ళకు తెలుసు. ఎన్నికల వేళ బతికున్న మనిషి బొమ్మను ఆడించడం నాకు వినోదంగా అనిపించలేదు. అయితే ఇంకోమాట కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళు తరగతిలో ప్రశ్నలకు జవాబు చెప్పిన మనిషి, ఒక్క చర్చకైనా వెళ్ళి ఉండవలసింది. బొమ్మకు చోటు దొరికింది అసలు మనిషి రాకపోవడంవల్లనే.

నవంబరు 4న పోలింగు. అప్పటికి వాషింగ్టను ప్రభుత్వం పద్దు కుదరక నెలరోజులుగా మూతపడి ఉంది. ఉత్తర వర్జీనియా నిండా ఆ ప్రభుత్వపు ఉద్యోగులే. ఆ కోపం ఎవరిమీదికి వెళ్ళిందో వోట్లే చెప్పాయి. గవర్నరుగా అబిగేల్ స్పాన్‌బర్గరు, లెఫ్టినెంటు గవర్నరుగా హష్మీ, అటార్నీ జనరలుగా జే జోన్స్, ముగ్గురూ డెమొక్రాట్లే గెలిచారు. కాని మూడు పల్లకీలూ వేర్వేరు కదా. స్పాన్‌బర్గరుకు నూటికి 57, హష్మీకి 55, కొన్ని పాత సందేశాలు బయటపడి అప్రతిష్ఠపాలైన జోన్స్‌కు 53. అదే జనం ముగ్గురినీ మూడు తూకాలు తూచారు. అమెరికాలో ఒక రాష్ట్రమంతా కలిసి ఎన్నుకొన్న మొదటి ముస్లిం మహిళ హష్మీ. ఆ కుర్చీలో ఆమెకు ముందున్న విన్‌సమ్ ఎర్ల్-సియర్స్ కూడా వలస వచ్చినవారే. జమైకాలో పుట్టిన నల్లజాతి స్త్రీ, రిపబ్లికన్. ఆమె గవర్నరు పదవికి పోటీచేసి స్పాన్‌బర్గరు చేతిలో ఓడిపోయారు.

ఎర్ల్-సియర్స్ ఆ మెట్టు మీదనుంచి పై మెట్టు ఎక్కబోయారు. అది వర్జీనియా ఆనవాయితీ. అక్కడ గవర్నరు వరసగా రెండోసారి నిలబడకూడదని రాజ్యాంగం. అందుచేత నాలుగేళ్ళకోసారి పై కుర్చీ ఖాళీ అవుతుంది, లెఫ్టినెంటు గవర్నరు దానివైపు చూస్తారు. బానిసల మనవడైన డగ్లస్ వైల్డరు 1985లో లెఫ్టినెంటు గవర్నరై, 1989లో అమెరికాలోనే ప్రజలు ఎన్నుకొన్న మొదటి నల్లజాతి గవర్నరైనది ఈ దారినే. బోలింగు ఎనిమిదేళ్ళు ఆ మెట్టుమీదే నిలబడి, పార్టీ మరొకరివైపు తిరగడంతో పోటీనుంచి తప్పుకున్నారు.

హష్మీ మనవారా అని ఒక చర్చ వచ్చింది. ఇంట్లో మాట ఉర్దూ, ఊరు విడిచింది నాలుగో ఏట. ఆ ఊళ్ళో పుట్టి ఉర్దూ మాట్లాడేవారు మనవారు కాకపోతే హైదరాబాదులో సగం వీధులు మనవి కావు. ఆమెకు ఆ ఊరు ఎంత గుర్తుందన్నది వేరే సంగతి. వోటు వేసినవాళ్ళు మాత్రం వర్జీనియావాళ్ళు. వాళ్ళ బడులకోసం, ఆస్పత్రులకోసం వేశారు.

2026 జనవరి 17న రిచ్‌మండులో, థామస్ జెఫర్సను నమూనా గీసిన తెల్లని శాసనసభా భవనం దగ్గర ఆమె ప్రమాణం చేశారు. ఖాళీ అయిన సెనేటు స్థానానికి అప్పటికే ఉప ఎన్నిక జరిగిపోయింది. సభలో లెక్క ఇంకా 21–19. అటునుంచి ఒక్కరు ఇటు జరిగితే ఇరవై ఇరవై. ఆరేళ్ళు ఆ సభలోనే లేచి వాదించిన ఆవిడ ఇప్పుడు వాదించడానికి వీల్లేదు. ఎత్తుగా ఉన్న కుర్చీలో కూర్చొని, ఒకప్పటి తోటి సభ్యులలో ఎవరి వంతు వచ్చిందో చెపుతూ, వోట్ల లెక్క తన బల్లమీదికి వచ్చినప్పుడల్లా రెండు అంకెలూ సమానంగా ఉన్నాయేమోనని చూసుకోవాలి.